పన్ను లోపల ఏముంది? గట్టి పొర, మెత్తని నరం, మధ్యలో జరిగే కథ

[దృశ్యం: తాపేశ్వరంలో మిఠాయి కొట్టు. పాకంలోంచి పైకి తీస్తున్న మడత కాజా.]

కాజా రుచి గురించి గోదావరి జిల్లాల వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. తిన్నాక దవడ పన్ను గాడిలో చిన్న తునక ఒకటి ఇరుక్కుంటుంది చూశారూ, మనం మాట్లాడుకోబోయేది దాని గురించే.

[దృశ్యం: దవడ పన్ను, బాగా దగ్గరగా. గాడిలో కాజా తునక.]

ఆ తునక కింద తెల్లగా మెరిసేది ఎనామిల్. మన ఒంట్లో ఇంతకన్నా గట్టిది లేదు, ఎముక కూడా దీని తర్వాతే. బరువులో 96 శాతం దాకా ఖనిజమే. కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన హైడ్రాక్సీఅపటైట్ స్ఫటికాలు అవి. ఇంత గట్టిదానికీ పెద్ద లోటు ఒకటుంది. దీన్ని తయారుచేసే కణాలు పన్ను బయటికొచ్చేసరికే పోతాయి. చెయ్యి విరిగితే ఎముక అతుక్కుంటుంది గానీ, ఊడిన ఎనామిల్ మళ్లీ పెరగదు.

[యానిమేషన్: నిలువుగా కోసిన పన్ను.]

దాని కింద లేత పసుపు రంగు డెంటిన్. ఇందులో ఖనిజం 70 శాతమే, మిగతాది కొల్లాజెన్ అనే ప్రొటీన్, నీరు. నిండా కంటికి కనపడని సన్నటి గొట్టాలు, వాటిలో ద్రవం. ఎనామిల్ అరిగో, చిగురు కిందికి జారో ఆ గొట్టాలు బయటపడితే, చల్లటి సోడా తగలగానే ద్రవం కదులుతుంది. లోపలి నరం దాన్ని పసిగడుతుంది. పన్ను జివ్వుమనేది అందుకే. ఆ నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తటి భాగం పల్ప్. వేరు మీద సిమెంటమ్ పొర ఉంటుంది. దాన్ని దవడ ఎముకతో సన్నటి నారపోగులు కట్టి ఉంచుతాయి.

[దృశ్యం: మళ్లీ కాజా తునక.]

నోట్లోని బాక్టీరియా ఈ చక్కెర తిని ఆమ్లం తయారుచేస్తాయి. ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత పీహెచ్, ఆమ్లం పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. పీహెచ్ సుమారు 5.5 కన్నా తగ్గితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. కాసేపటికి లాలాజలం ఆ ఆమ్లాన్ని తగ్గించి, పోయిన ఖనిజాన్ని కొంత తిరిగి చేరుస్తుంది. ఫ్లోరైడ్ పేస్టు దానికి తోడవుతుంది. గుంట పడనంతవరకే ఈ మరమ్మతు. అందుకే ఒక్కసారి కూర్చుని రెండు కాజాలు తినండి, తప్పులేదు. పొద్దుటినుంచి కొంచెం కొంచెం కొరుకుతూ ఉంటేనే లాలాజలానికి టైము దొరకదు.

ఎనామిల్‌లో నరాలు లేవు కాబట్టి అది కరుగుతున్నంతసేపూ నొప్పి తెలీదు. డెంటిన్ చేరాక పిప్పి పక్కలకు పాకుతుంది. పైకి నల్లచుక్కే కనిపిస్తుంది, లోపల మాత్రం డొల్ల.

[దృశ్యం: కాలువ గట్టున చెరకు ముక్క నములుతున్న ఆరేళ్ల పాప.]

అమ్మానాన్నలకు ఒక మాట. ఆరేళ్లప్పుడు పాలపళ్ల వెనక, ఏ పన్నూ ఊడకుండానే, కొత్త దవడ పన్ను వస్తుంది. "పాలపన్నేలే, ఊడిపోతుంది" అని వదిలేస్తుంటారు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను! దాని గాడులు లోతుగా ఉంటాయి, బ్రష్ అందదు. పిప్పి పట్టకముందే వాటిని సీలెంట్ అనే పల్చటి పూతతో మూసే వీలుంది. ఆ పన్ను పైకి రాగానే పిల్లల్ని దంతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లి, సీలెంట్ గురించి అడగండి.