గజ ఈతగాళ్ళకు సూట్లు ఇప్పించండి

వేదిక మీద ఉన్న పెద్దలకు, పెన్నా ఒడ్డు ఊళ్ళ నుంచీ మైపాడు, కొత్తపట్నం నుంచీ వచ్చిన గజ ఈతగాళ్ళకు, వాళ్ళ ఇళ్ళ ఆడబిడ్డలకు నమస్కారం. ఓడరేవుల్లో డైవింగ్ పని చేసినవాణ్ణని, నీళ్ళలోకి దిగేటప్పుడు వేసుకునే సూట్ల రకాల గురించి చెప్పమన్నారు.

అందరికీ తెలిసింది వెట్ సూట్. నియోప్రీన్ రబ్బరుతో చేస్తారు, అందులో సన్నటి గ్యాస్ బుడగలుంటాయి. లోపలికి చేరిన కాసిని నీళ్ళు ఒంటి వేడికి వెచ్చబడతాయి, ఆ వేడిని బుడగలు బయటికి పోనివ్వవు. నెల్లూరు ఎండల్లో చలేమిటని అనుకోకండి. గాలి కంటే నీళ్ళు ఒంట్లో వేడిని దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి. సోమశిల జలాశయంలో గంటలకొద్దీ వెతికి పైకొచ్చినవాళ్ళ వణుకు నేను చూశాను. పైగా గాలాలు, గుల్లలు, జెల్లీ చేపల నుంచి చర్మానికి కాపు.

నీటి ఒత్తిడిని మాత్రం వెట్ సూట్ ఆపలేదు. ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది, బుడగలు నలిగి వెచ్చదనమూ తగ్గుతుంది. ఒత్తిడిని ఆపే గట్టి లోహపు సూట్లు వేరే ఉన్నాయి, వందల మీటర్ల లోతు పనులకు. వాటితో మనకు పని లేదు.

మనకు కావలసింది నీళ్ళను లోపలికి రానివ్వని డ్రై సూట్. ఎందుకో మా బాబాయి సంగతి చెబితే అర్థమవుతుంది.

2021 నవంబర్‌లో పెన్నా పొంగింది కదా. వరద తీశాక ఒక పిల్లవాడి కోసం అధికారులు మా బాబాయిని మురుగు కాలువలోకి దింపారు. లుంగీ ఎగగట్టి దిగాడు. పిల్లవాణ్ణి తెచ్చి తల్లికి అప్పగించాడు. రేకు ముక్క కాలు కోసింది. తర్వాత జ్వరం, లెప్టోస్పైరోసిస్. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళు గాయంలోంచి ఒంట్లోకి పోతే వస్తుంది. కిడ్నీలు పోయాయి, మనిషీ పోయాడు. ఆస్పత్రి బిల్లులు పట్టుకుని పోతే, "అతను మా ఉద్యోగి కాదు" అన్నారు. దిగమన్నది వాళ్ళే!

తమ్ముళ్ళూ, సూట్ ఉన్నవాళ్ళు చేతులెత్తండి. చూడండి సార్, ఒక్క చెయ్యీ లేవలేదు. ఇందాక శాలువాలు కప్పించుకున్నది వీళ్ళే.

మురుగులో వెట్ సూట్ చాలదు. దానిలోకి నీళ్ళు వస్తాయి, ఆ మురికి ఒంటికి తగులుతూనే ఉంటుంది. మెడ, మణికట్టు దగ్గర సీళ్ళున్న నున్నటి రబ్బరు డ్రై సూట్, దానికి అతికిన గ్లవ్స్, ముఖమంతా కప్పే మాస్క్ కావాలి. శిక్షణ కూడా ఇవ్వాలి. సూట్‌లో గాలి కాళ్ళ వైపు చేరితే మనిషి తలకిందులవుతాడు. కొనిచ్చి చేతులు దులుపుకుంటే ఇంకో ప్రాణం పోతుంది.

ప్రతి మండలానికీ రెండు జతలు, ఏటా శిక్షణ, దిగిన ప్రతివాడికీ బీమా. అర్జీ మా చెల్లెలి దగ్గర ఉంది. భోజనాలకు లేచే ముందు అందరూ సంతకం పెట్టండి. సర్పంచ్ గారూ, మొదటి సంతకం మీదే కావాలి.