ఐస్ హాకీలో ఆ చివరి రెండు సీట్లు

శ్రోతలందరికీ నమస్కారం.

2025 ఏప్రిల్‌లో అమెరికా, కెనడాల ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో లీగ్ మ్యాచ్‌లు ముగిసేసరికి రెండు జట్లు పాయింట్ల దగ్గర సమానంగా నిలిచాయి. ఒకటి సెయింట్ లూయిస్ బ్లూస్, రెండోది కెనడాకు చెందిన కాల్గరీ ఫ్లేమ్స్. రెండూ 82 మ్యాచ్‌లు ఆడాయి. రెండింటికీ 96 పాయింట్లే వచ్చాయి. కప్పు కోసం ఆడే చివరి దశ ప్లేఆఫ్స్‌లో ఖాళీ మాత్రం ఒక్కటే. అది సెయింట్ లూయిస్‌కు దక్కింది, కాల్గరీ ఇంటిదారి పట్టింది. ఇందులో ఆశ్చర్యపడాల్సిన సంగతి ఇంకొకటుంది. అరవై నిమిషాల నిర్ణీత సమయంలో సెయింట్ లూయిస్ 30 మ్యాచ్‌లు ఓడితే, కాల్గరీ ఓడింది 27 మాత్రమే. ఆ లెక్కన తక్కువ ఓడిన జట్టు బయట, ఎక్కువ ఓడిన జట్టు లోపల. దీని వెనక లెక్క ఏమిటో ఈ పూట చెప్పుకుందాం.

హాకీ అంటే మనకు ధ్యాన్‌చంద్, ఒలింపిక్ పతకాలు, పచ్చటి టర్ఫ్ గుర్తొస్తాయి. ఇది వేరే ఆట. గడ్డకట్టిన మంచు మీద, కాళ్లకు స్కేట్స్ కట్టుకుని ఆడతారు. గోల్‌కీపర్‌తో కలిపి ఒక్కో వైపు ఆరుగురు. బంతి ఉండదు, దాని బదులు పక్ అనే నల్లటి గట్టి రబ్బరు బిళ్ల ఉంటుంది. ఇరవయ్యేసి నిమిషాల పీరియడ్లు మూడు. సీజన్ సాధారణంగా అక్టోబరులో మొదలై ఏప్రిల్ మధ్య వరకు సాగుతుంది. ఆ తర్వాత ప్లేఆఫ్స్, చివరికి గెలిచినవాళ్ల చేతికి స్టాన్లీ కప్.

ఈ లీగ్‌లో ఇప్పుడు 32 జట్లున్నాయి. తూర్పున 16, పడమట 16. వీటిని కాన్ఫరెన్సులు అంటారు. ఒక్కో కాన్ఫరెన్సులో ఎనిమిదేసి జట్లతో రెండు డివిజన్లు. తూర్పులో అట్లాంటిక్, మెట్రోపాలిటన్. పడమరలో సెంట్రల్, పసిఫిక్. ప్లేఆఫ్స్‌కి మొత్తం 16 జట్లు వెళ్తాయి, అంటే సరిగ్గా సగం. వినడానికి తేలికగానే ఉంది కదా! చిక్కంతా ఆ సగాన్ని ఎంచుకునే పద్ధతిలో ఉంది.

ప్రతి డివిజన్‌లో మొదటి మూడు స్థానాల్లో ఉన్న జట్లు నేరుగా వెళ్తాయి. నాలుగు డివిజన్లు కాబట్టి పన్నెండు సీట్లు అలా నిండుతాయి. ఇక ఒక్కో కాన్ఫరెన్సులో రెండేసి సీట్లు మిగులుతాయి. వాటినే వైల్డ్‌కార్డ్ అంటారు. మిగిలిన పది జట్లలో డివిజన్‌తో పని లేకుండా ఎవరికి ఎక్కువ పాయింట్లుంటే ఆ రెండు జట్లకు అవి వెళ్తాయి. మన ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. అక్కడా లోకల్ సీట్లు వేరు, అందరూ పోటీపడే ఓపెన్ సీట్లు వేరు. రెండు వైల్డ్‌కార్డులూ ఒకే డివిజన్‌కు పోయినా పోవచ్చు. అప్పుడు ఒక డివిజన్ నుంచి ఐదు జట్లు, రెండోదాని నుంచి మూడే జట్లు ఆడతాయి. ఈ పద్ధతి 2013-14 సీజన్‌లో వచ్చింది. అంతకు ముందు ప్రతి కాన్ఫరెన్సులో మొదటి ఎనిమిది జట్లను తీసుకునేవారు.

ఇప్పుడు పాయింట్ల సంగతి. గెలిస్తే రెండు. అరవై నిమిషాల్లో ఓడిపోతే సున్నా. అరవై నిమిషాలకు స్కోరు సమంగా ఉంటే ఐదు నిమిషాల ఓవర్‌టైమ్ ఆడతారు, అందులో ఒక్కో జట్టుకు గోల్‌కీపర్ కాక ముగ్గురే ఉంటారు. మంచు మీద ఖాళీ ఎక్కువ, పరుగు ఎక్కువ. నా లెక్కన ఈ ఆట మొత్తంలో కళ్లకు పండుగ అదే. అప్పటికీ గోల్ పడకపోతే షూటౌట్, అంటే ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లి గోల్‌కీపర్‌ని ఎదుర్కోవడం. ఓవర్‌టైమ్‌లో గానీ షూటౌట్‌లో గానీ ఓడినవాళ్లకు వట్టి చేతులు కాదు, ఒక పాయింటు ఇస్తారు. అభిమానులు దీన్ని లూజర్ పాయింట్ అంటారు.

అంటే మామూలుగా తేలిన మ్యాచ్ ఇద్దరికీ కలిపి రెండు పాయింట్లు పంచితే, ఓవర్‌టైమ్‌కు పోయిన మ్యాచ్ మూడు పాయింట్లు పంచుతుంది. నాకు ఈ పద్ధతి నచ్చదు. మార్చి నెలలో, సీటు కోసం కొట్లాడుతున్న జట్టు మూడో పీరియడ్ ఆఖరి ఐదు నిమిషాల్లో స్కోరు సమంగా ఉంటే ఏం చేస్తుంది? ఎదుటి జట్టు వేరే కాన్ఫరెన్సుదైతే, దానికి ఒక పాయింటు దక్కినా తనకు నష్టం లేదు. కాబట్టి ఎందుకొచ్చిన గొడవ అని పక్‌ని భద్రంగా దగ్గర పెట్టుకుని గంట మోగేదాకా గడుపుతుంది. డబ్బిచ్చి టికెట్ కొన్న మనిషికి అది న్యాయం కాదు. అదే ఎదురుగా ఉన్నది తనతో సీటుకు పోటీపడే జట్టయితే కథ మారిపోతుంది. తాను రెండు పాయింట్లు తెచ్చుకోవడమే కాదు, వాళ్లకు రెండు రాకుండా ఆపాలి. ఇలాంటి మ్యాచ్‌ని ఫోర్ పాయింట్ గేమ్ అంటారు. 2018 ఏప్రిల్ 7న కొలరాడో, సెయింట్ లూయిస్ సరిగ్గా ఇదే స్థితిలో తమ ఆఖరి మ్యాచ్‌లో తలపడ్డాయి. గెలిచిన కొలరాడో 95 పాయింట్లతో లోపలికి, ఓడిన సెయింట్ లూయిస్ 94తో బయటికి.

కాల్గరీ దగ్గరికి వద్దాం. కాగితం, పెన్ను దగ్గరుంటే రాసుకోండి. సెయింట్ లూయిస్ గెలిచినవి 44, అంటే 88 పాయింట్లు. ఓవర్‌టైమ్, షూటౌట్ ఓటములు 8. మొత్తం 96. కాల్గరీ గెలిచినవి 41, అంటే 82. ఓవర్‌టైమ్, షూటౌట్ ఓటములు 14. అదీ 96. పాయింట్లు సమానమైనప్పుడు లీగ్ మొదట చూసేది ఒక్కటే. ఓవర్‌టైమ్ దాకా పోకుండా, అరవై నిమిషాల్లోనే ఎన్ని మ్యాచ్‌లు గెలిచారు? 2019-20 నుంచి ఈ నిబంధనే ముందుంది. సెయింట్ లూయిస్‌కు అలాంటి విజయాలు 32, కాల్గరీకి 31. అక్కడ తేలిపోయింది. అదీ సమానమై ఉంటే షూటౌట్ విజయాలు తీసేసి మిగతావి లెక్కపెట్టేవారు, ఆ తర్వాత మొత్తం విజయాలు, ఆ తర్వాత ఆ రెండు జట్లూ తమలో తాము ఆడిన మ్యాచ్‌లు, ఆ తర్వాతే గోల్స్ తేడా.

అంతర్జాతీయ పోటీల్లో ఐస్ హాకీకి వేరే లెక్క ఉంది. అరవై నిమిషాల్లో గెలిస్తే మూడు, ఓవర్‌టైమ్‌లో గెలిస్తే రెండు, అందులో ఓడితే ఒకటి. అమెరికా, కెనడాల మహిళల ప్రొఫెషనల్ లీగ్ కూడా ఇదే పాటిస్తోంది. ప్రతి మ్యాచ్ మూడు పాయింట్లే పంచుతుంది కాబట్టి లెక్క తిన్నగా ఉంటుంది. కాల్గరీకి ఈ లెక్క వేస్తే ఏమవుతుందో చూడాలనిపించింది. సెయింట్ లూయిస్‌కు 32 ఇంటూ మూడు 96, మిగతా 12 విజయాలకు 24, ఎనిమిది ఓటములకు ఎనిమిది, మొత్తం 128. కాల్గరీకి 93, పది విజయాలకు 20, పద్నాలుగు ఓటములకు 14, మొత్తం 127. ఒక్క పాయింటు తేడాతో అప్పుడూ సెయింట్ లూయిస్‌దే సీటు! కాబట్టి కాల్గరీకి అన్యాయం జరిగిందని నేననను. కానీ అభిమానికి ఆ ఫలితం పట్టికలో నేరుగా కనపడేది, నిబంధనల పుస్తకం తిరగేయాల్సిన పని ఉండేది కాదు. ఎన్‌హెచ్‌ఎల్ ఈ మార్పు చేసితీరాలి.

ఇక ఎవరు ఎవరితో ఆడతారు? ప్రతి డివిజన్‌లో రెండో జట్టు, మూడో జట్టు తలపడతాయి. డివిజన్ విజేతలకు వైల్డ్‌కార్డ్ జట్లు ఎదురొస్తాయి. ఇద్దరు విజేతల్లో ఎక్కువ పాయింట్లున్నవారికి బలహీనమైన వైల్డ్‌కార్డ్ జట్టు, రెండోవారికి కాస్త మెరుగైన జట్టు. ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో ముందు నాలుగు గెలిచినవాళ్లు ముందుకెళ్తారు. ఇక్కడే ఒక వింత ఉంది. వైల్డ్‌కార్డ్ జట్టు తన డివిజన్ కాని గుంపులోకి వెళ్లి పడొచ్చు.

2017 తీసుకోండి. మెట్రోపాలిటన్ డివిజన్‌లో వాషింగ్టన్‌కు 118, పిట్స్‌బర్గ్‌కు 111, కొలంబస్‌కు 108 పాయింట్లు. మొత్తం లీగ్‌లో మొదటి నాలుగు స్థానాల్లో మూడు వీళ్లవే. అయినా రెండో జట్టు, మూడో జట్టు తలపడాలన్న నిబంధన వల్ల పిట్స్‌బర్గ్, కొలంబస్ మొదటి రౌండులోనే ఢీకొన్నాయి. 108 పాయింట్ల కొలంబస్ ఐదు మ్యాచ్‌లకే ఇంటికి పోయింది. అదే డివిజన్‌లో నాలుగో స్థానంలో ఉన్న న్యూయార్క్ రేంజర్స్‌కు 102 పాయింట్లు. అది వైల్డ్‌కార్డ్‌గా అట్లాంటిక్ గుంపులో పడి, 103 పాయింట్ల మాంట్రియల్‌ని ఓడించి రెండో రౌండుకు వెళ్లింది. మూడో స్థానం కన్నా నాలుగో స్థానమే నయమైంది! మొదటి రౌండ్లలో ఇరుగుపొరుగు జట్ల వైరం బాగా రక్తి కడుతుందని లీగ్ ఈ ఏర్పాటును ఇష్టపడుతుంది. అది నిజమే కావచ్చు. అయినా ఆరు నెలల కష్టానికి ఇలాంటి బహుమతి ఇవ్వడం నాకు మింగుడుపడదు. పాత పద్ధతిలో మొదటి జట్టుకు ఎనిమిదో జట్టు, రెండోదానికి ఏడో జట్టు ఎదురొచ్చేవి. అందులో ఈ బాధ తక్కువ.

అంతమాత్రాన వైల్డ్‌కార్డ్ సీటు విలువ తక్కువని మాత్రం ఎవరూ అనలేరు. 2019లో నాలుగు డివిజన్ల విజేతలూ మొదటి రౌండులోనే ఓడిపోయారు. నలుగురినీ ఓడించినవి వైల్డ్‌కార్డ్ జట్లే. ఆ ఏడాది 62 మ్యాచ్‌లు గెలిచి 128 పాయింట్లు తెచ్చుకున్న టాంపా బే, కొలంబస్ చేతిలో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేక నాలుగుకు నాలుగు ఓడింది.

2023 ఇంకా గొప్పది. బోస్టన్ బ్రూయిన్స్ ఆ సీజన్‌లో 65 విజయాలు, 135 పాయింట్లతో లీగ్ చరిత్రలోనే రికార్డు పెట్టింది. తూర్పులో ఆఖరి సీటు కోసం ఫ్లోరిడా, పిట్స్‌బర్గ్, బఫెలో పరుగెత్తుతున్నాయి. ఏప్రిల్ 11న పిట్స్‌బర్గ్ తన సొంత రింక్‌లో షికాగోతో ఆడింది. షికాగో అప్పటికి పట్టికలో దాదాపు అట్టడుగున ఉంది. సిడ్నీ క్రాస్‌బీ లాంటి మహా ఆటగాడు ఉన్న జట్టుకు అది గెలవాల్సిన మ్యాచే. 5-2తో ఓడింది. ఆ ఓటమి ఫ్లోరిడాను లోపలికి పంపింది. వరసగా పదహారు సీజన్లు ప్లేఆఫ్స్ ఆడిన పిట్స్‌బర్గ్ ఆ ఏడాది బయటే ఉండిపోయింది. ఫ్లోరిడాకు 92, పిట్స్‌బర్గ్‌కు 91, బఫెలోకూ 91. మిగతా ఫలితాలన్నీ అలాగే ఉండి, షికాగోపై ఆ ఒక్క మ్యాచ్ గెలిచి ఉంటే పిట్స్‌బర్గ్ లోపల, ఫ్లోరిడా బయట.

అలా లోపలికొచ్చిన ఫ్లోరిడాకు ఎదురైంది బోస్టన్. 43 పాయింట్ల తేడా. నాలుగు మ్యాచ్‌లయ్యేసరికి బోస్టన్ 3-1 ఆధిక్యంలో ఉంది. ఫ్లోరిడా రెండు గెలిచి సమం చేసింది. ఏప్రిల్ 30న బోస్టన్‌లో ఏడో మ్యాచ్. ఆఖరి నిమిషాలు నడుస్తున్నాయి, ఫ్లోరిడా 3-2తో వెనకబడి ఉంది. గోల్‌కీపర్‌ని బయటికి పిలిచి, అతని బదులు ఇంకో ఫార్వర్డ్‌ని దింపారు. ఖాళీ గోల్ వెనక పెట్టుకుని చేసే ఆఖరి ప్రయత్నం అది. 59 సెకన్లు ఉండగా బ్రాండన్ మాంటూర్ గోల్ కొట్టాడు. ప్లేఆఫ్స్‌లో షూటౌట్ ఉండదు, ఎవరో ఒకరు గోల్ కొట్టేదాకా ఆడాల్సిందే. ఓవర్‌టైమ్‌లో కార్టర్ వెర్‌హేగీ కొట్టాడు. స్టేడియం నిండా ఉన్న బోస్టన్ జనం నోట మాట లేదు. ఫ్లోరిడా ఆ ఊపులో ఫైనల్ దాకా వెళ్లి వేగస్ చేతిలో ఓడింది. అంతకుముందు 2017లో నాష్‌విల్ కూడా వైల్డ్‌కార్డ్ సీటుతో ఫైనల్‌కు చేరి ఓడింది. 2025 వరకు చూస్తే వైల్డ్‌కార్డ్ జట్టు ఏదీ కప్పు గెలవలేదు. ఫ్లోరిడా మాత్రం 2024లోనూ 2025లోనూ కప్పు గెలిచింది, కానీ ఆ రెండుసార్లూ డివిజన్ సీట్లతోనే వెళ్లింది.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లకు ఈ ఆట అనుకున్నంత దూరమేమీ కాదు. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో మనవాళ్లు ఎందరో స్థిరపడ్డారు కదా, డాలస్ స్టార్స్ జట్టు ప్రాక్టీసు చేసేది ఆ ఊళ్లోనే. ఆ జట్టు 2019లోనూ 2022లోనూ వైల్డ్‌కార్డ్ సీటుతోనే ప్లేఆఫ్స్ ఆడింది. మీ పిల్లలో మనవలో అక్కడ ఉండి, మార్చిలో ఈ ఆట చూస్తూ ఫోన్ చేస్తే, పట్టికలో ముందు ఏ వరస చూడాలో ఇప్పుడు మీరే చెప్పొచ్చు. పాయింట్లు చూడండి, ఇంకా ఎన్ని మ్యాచ్‌లు మిగిలాయో చూడండి, ఆ తర్వాత ఆర్‌డబ్ల్యూ అనే వరస చూడండి. అరవై నిమిషాల్లో గెలిచిన మ్యాచ్‌లు అవే. జట్టు పేరు ముందు ‘ఎక్స్’ అనే ఇంగ్లీషు అక్షరం కనిపిస్తే సీటు ఖాయమైనట్టు, ‘ఈ’ అనే అక్షరం కనిపిస్తే ఆ ఏడాదికి ఆశ లేనట్టు. 2026-27 సీజన్ నుంచి ఒక్కో జట్టు 82కు బదులు 84 మ్యాచ్‌లు ఆడుతుంది. ఇంకో నాలుగు పాయింట్లు అందుబాటులోకి వస్తాయి.

సెలవు. నమస్కారం.