ఇప్పపువ్వు: చెట్టు కింద నుంచి లడ్డూ దాకా

[దృశ్యం: తెల్లవారుజాము. చెట్టు కింద పరుచుకున్న పాలిపోయిన పువ్వు. గంపలతో నడిచి వస్తున్న ఆడవాళ్లు.]

మార్చి, ఏప్రిల్ వచ్చిందంటే ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు వైపు గోండు గూడేల్లో ఆడవాళ్లు చీకటితోనే లేస్తారు. ఇప్పపువ్వు రాత్రి రాలడం మొదలుపెట్టి పొద్దెక్కేదాకా రాలుతూనే ఉంటుంది. ఆలస్యం చేస్తే పశువుల పాలు. ఒంటరిగా మాత్రం వెళ్లకూడదు. ఎలుగుబంటికీ ఈ పువ్వంటే ప్రాణం. అందుకే నలుగురైదుగురు కలిసి, మాట్లాడుకుంటూ, చప్పుడు చేస్తూ పోవాలి.

[దగ్గరి షాట్: అరచేతిలో ఒక పువ్వు.]

ఈ పువ్వును బాగా చూడండి. గుండ్రంగా, కండగా, లోపల డొల్లగా ఉంది. నొక్కితే వేళ్లకు జిగురు. లోపల వెంట్రుకల్లా కేసరాలు. ఇందులో కాయ అయ్యే భాగం లేదు, అది కొమ్మ మీదే ఉండిపోయింది. అంటే రాలిన పువ్వు ఎంత ఏరుకున్నా చెట్టు కాపు తగ్గదు. ఇంత ఉదారమైన చెట్టు అడవిలో మరొకటి కనిపించదు. కొమ్మలు నరికితే, కర్రతో కొడితే మాత్రం కాయ పోతుంది, కాయతో పాటు నూనెగింజా పోతుంది.

[దృశ్యం: ఎండుటాకులు ఊడుస్తున్న చీపుర్లు.]

అసలు నష్టం నిప్పుతో వస్తుంది. పువ్వు బాగా కనబడాలని కొందరు చెట్టు కింద ఆకులు కాలుస్తారు. గాలి తిరిగిందంటే మంట అడవిలోకి పాకుతుంది. మొలకలు మాడతాయి, బూడిద, మసి అంటిన పువ్వు ధర పడిపోతుంది. కాల్చకుండా ఆకులు ఒక్కరే ఊడవాలంటే నడుం పడిపోతుంది నిజమే. అదే ఐదుగురు కలిసి, ఈ రోజు నీ చెట్టు, రేపు నా చెట్టు అనుకుంటే పని తేలిక. ఊడ్చిన చోట పాత చీరో, వలో పరిస్తే ఇసుక కూడా అంటదు.

[దృశ్యం: పరదా మీద ఆరబోసిన పువ్వు.]

ఏరిన రోజే ఎండబెట్టాలి. కుప్పగా వదిలేస్తే పులుస్తుంది. పరదా మీద పలుచగా పరిచి, రోజుకు రెండు మూడు సార్లు కలియతిప్పుతూ మంచి ఎండలో నాలుగైదు రోజులు ఉంచాలి. నేల మీద ఆరబోయొద్దు. సాయంత్రం మంచు పడకముందే ఇంట్లోకి తేవాలి. నాలుగైదు కిలోల పచ్చిపువ్వుకు కిలో ఎండుపువ్వు వస్తుంది. రంగు కిస్మిస్‌లా మారి, పిడికిట్లో నొక్కి వదిలితే ముద్దకట్టకుండా విడిపోవాలి. ముద్దకట్టిందంటే తడి ఉన్నట్టే, డబ్బాలో పోస్తే వానాకాలానికి బూజు పడుతుంది.

కొత్త పువ్వును ముందు దేవుళ్లకు పెట్టడం ఆదివాసీల కట్టుబాటు. కోయలు దీన్ని ఇరుపు పండుమ్ అనే పండుగగా చేస్తారు. వాళ్ల పండుగల్లో ఆడవాళ్లు చేతులు పట్టుకొని వరుసకట్టి ఆడే రేలా చూసి తీరాలి.

[దృశ్యం: పొయ్యి మీద మూకుడు.]

ఇక లడ్డూ. ఉట్నూరులో ఆదివాసీ మహిళల సహకార సంఘం దీన్ని చేసి అమ్ముతోంది. ఇంట్లో చేసుకోవాలంటే పావుకిలో ఎండుపువ్వు, పావుకిలో పల్లీలు, వంద గ్రాముల నువ్వులు, నూటయాభై గ్రాముల బెల్లం చాలు. పువ్వులోనే తీపి ఉంది, బెల్లం ఎక్కువ వేయొద్దు. ముందు పువ్వును చేత్తో నలిపి కేసరాలు రాల్చి, చాటలో చెరగాలి. పంటికి ఇసుక తగిలితే ఇంకెవరూ రెండోది తినరు. తర్వాత సన్నసెగ మీద కరకరలాడేదాకా వేయించాలి. మంట పెంచితే అందులోని చక్కెర మాడి చేదెక్కుతుంది. పూర్తిగా చల్లారాకే దంచాలి, వేడిమీద దంచితే జిగురుముద్ద అవుతుంది. పల్లీలు, నువ్వులు వేయించి దంచి, పువ్వు పొడి, బెల్లంతో కలిపి ఉండలు కట్టాలి. విడిపోతుంటే చెంచాడు నెయ్యి కలపండి, నీళ్లు మాత్రం చల్లొద్దు. తడి తగిలిన ఉండ త్వరగా పాడవుతుంది.

[దృశ్యం: రాలిన పండ్లు, పక్కన తవ్విన చిన్న గుంతలు.]

జూన్, జూలైల్లో పండ్లు రాలినప్పుడు గింజలన్నీ నూనెకే పంపొద్దు. ఇప్పగింజ ఎండితే మొలకెత్తదు, దాచి మరుసటేడు నాటితే లాభం లేదు. పండు నుంచి తీసిన వారంలోపే, వాన పడిన నేలలో రెండు వేళ్ల లోతున పాతి, మేకలు రాకుండా ముళ్లకంప కట్టండి. పువ్వు పూయడానికి పదేళ్లు అటూ ఇటూ పడుతుంది.