పెళ్లికూతురి ముఖం ఎందుకు నల్లబడింది? ఎక్స్‌పోజర్, ఆ తర్వాత ఎడిటింగ్

నమస్తే అండి. మాటల కంటే ముందు ఈ ఫొటో చూడండి. మాంగల్యధారణ సమయం. ఇద్దరూ మధుపర్కాల్లో ఉన్నారు, వెనకంతా తెల్లపూల డెకరేషన్. కానీ ఆ తెల్లబట్టలు బూడిదలో ముంచి తీసినట్టున్నాయి. అమ్మాయి ముఖం నల్లబడిపోయింది. తీసింది నేనే, కొత్త కెమెరా కొన్న ఊపులో, ఆటో మోడ్‌లో పెట్టి. అప్పట్లో తప్పంతా కెమెరాదే అనుకున్నాను.

ఏం జరిగిందంటే, కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ ఉంటుంది. దానికి పెళ్లీ తెలీదు, మధుపర్కాలూ తెలీదు. ఫ్రేములో ఉన్న వెలుగంతా కలిపి చూసుకుని, సగటున మధ్యరకం బూడిద రంగు వచ్చేలా లెక్కేస్తుంది. తెలుపు ఎక్కువ కనిపిస్తే ‘అమ్మో, వెలుగు ఎక్కువైంది’ అని తగ్గించేస్తుంది. అదే నల్ల గేదెను ఫ్రేము నిండా పెట్టి తీయండి, వెలుగు పెంచేసి దుమ్ము పట్టిన గేదెను చేతిలో పెడుతుంది. ఇప్పటి కెమెరాలు ముఖాన్ని గుర్తుపడతాయి, కొంత నయం. అయినా తెల్లబట్టల దగ్గర ఇంకా తడబడుతూనే ఉంటాయి.

అందుకే మీ కెమెరా మీద ప్లస్, మైనస్ కలిపి ఉన్న ఈ బటన్ చూడండి. ఎక్స్‌పోజర్ అంటే ఫొటోకి అందే వెలుతురు. దాన్ని పెంచి, తగ్గించే ఈ బటన్‌ని ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అంటారు. మధుపర్కాలు రాగానే +0.7 కానీ, +1 కానీ పెట్టండి. ఫోన్‌లో అయితే ముఖం మీద వేలు పెట్టి, పక్కన వచ్చే సూర్యుడి బొమ్మను పైకి జరపండి. మరీ పెంచితే చీర తెలుపు బర్న్ అయిపోతుంది, నేతలో గీతలు కూడా మిగలవు. అలా పోయింది తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ తిరిగి రాదు. మెనూలో హైలైట్ వార్నింగ్ ఆన్ చేసుకుంటే, బర్న్ అయిన చోటు స్క్రీన్ మీద మిణుకుమిణుకుమంటుంది.

ఇప్పుడు మాన్యువల్ మోడ్. టెన్షన్ పడకండి, తిప్పాల్సినవి మూడే. అపర్చర్ అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే కన్నం. అంకె తగ్గేకొద్దీ కన్నం పెద్దది, ఇక్కడే అందరూ తికమకపడతారు. ఎఫ్ 1.8 పెడితే వెనకంతా మెత్తగా మసకబారి ఒక్క ముఖమే తేలుతుంది, చాలా బాగుంటుంది. అదే మోజులో గ్రూప్ ఫొటో కూడా తీశారనుకోండి, వెనక వరుసలో మేనమామగారు మసకలో కలిసిపోతారు, ఆయన మీతో మళ్లీ మాట్లాడరు. రెండు మూడు వరుసలుంటే ఎఫ్ 5.6, ఎఫ్ 8 మధ్య ఉండండి.

షట్టర్ స్పీడ్ అంటే కెమెరా వెలుతురును లోపలికి రానిచ్చే సమయం. దానికి తలంబ్రాల కంటే మంచి పాఠం లేదు. సెకనులో 500వ వంతు పెడితే గాల్లో బియ్యపు గింజలు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. 30వ వంతు పెడితే గింజలన్నీ గీతలవుతాయి, నవ్వుతున్న ముఖాలు కూడా చెదురుతాయి. మూడోది ఐఎస్ఓ. ఉన్న వెలుతురు చాలనప్పుడు సిగ్నల్‌ని పెంచి చూపించేది. పెంచేకొద్దీ ఫొటోలో నాయిస్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు వస్తాయి.

మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. మండపంలో ఎఫ్ 4, 125వ వంతు సెకను, ఐఎస్ఓ 1600 దగ్గర వెలుగు సరిపోయిందనుకుందాం. తలంబ్రాలు మొదలయ్యాయి, షట్టర్‌ని 500కి తీసుకెళ్లారు. వెలుతురు నాలుగో వంతుకి పడిపోయింది, అంటే రెండు స్టాపులు (వెలుతురు సగమైతే ఒక స్టాపు). దాన్ని వెనక్కి తేవాలంటే ఐఎస్ఓని 6400 చేయాలి, లేదా అపర్చర్‌ని ఎఫ్ 2కి తెరవాలి. ఎఫ్ 2 పెడితే ఒకరి ముఖం ఫోకస్‌లో ఉండి రెండోవారిది తప్పే ప్రమాదం ఉంది. నేనైతే 6400కే వెళ్తాను. చుక్కలున్న ఫొటో ఎవరికైనా నచ్చుతుంది, మసక ఫొటో ఎవరికీ నచ్చదు.

ఇంకో మాట. మన కరెంటు 50 హెర్ట్జ్. చాలా చౌకరకం ఎల్ఈడీ లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి, మన కంటికి కనబడదు. షట్టర్ వేగం పెంచగానే ఫొటోలో అడ్డంగా నల్లపట్టీలు రావచ్చు. అలా వస్తే 100వ వంతుకో, 50వ వంతుకో దిగండి. తలంబ్రాల దగ్గర ఏది వదులుకోవాలో అప్పటికప్పుడు తేల్చుకోవాల్సిందే. ముందుగా రెండు టెస్ట్ షాట్లు తీసి చూసుకోండి.

సరే, మొదట చూపించిన ఫొటో దగ్గరికి వద్దాం. ఆ రాత్రి నేనేం చేశానో చెప్పాలి. కంప్యూటర్‌లో వేసి వెలుగు పెంచాను. ముఖం కనబడింది, చీర తెల్లబడింది. అక్కడితో ఆగలేదు. చర్మం నున్నగా చేశాను, రంగు రెండు ఛాయలు తేల్చాను, చుబుకం మీద పుట్టుమచ్చ ఉంటే తుడిచేశాను. ఆల్బమ్ ప్రింటై వచ్చాక వాళ్ల నానమ్మగారు కళ్లజోడు పెట్టుకుని ప్రతి పేజీ తిప్పి చూసి అన్నారు: “ఈ పిల్ల బాగుంది నాయనా. మా పిల్ల ఫొటోలు ఎప్పుడిస్తావు?”

నా డబ్బుతో మళ్లీ ప్రింట్ వేయించాను.

వెలుగు పెంచడంలో తప్పు లేదు, అది మీటర్ చేసిన పొరపాటును దిద్దడం. మండపంలో అందరికీ కనిపించిన ముఖమే వెనక్కి వచ్చింది. రంగు తేల్చడం అలా కాదు. ఆ అమ్మాయి ఎలా ఉండాలో నేను తీర్పు చెప్పినట్టు.

ఇది మన దగ్గరే కాదు. 1994 జూన్‌లో అమెరికాలో ఓ.జె. సింప్సన్ అనే నల్లజాతి క్రీడాకారుణ్ని హత్య కేసులో అరెస్టు చేసినప్పుడు, పోలీసులు తీసిన ఒకే ఫొటోను టైమ్, న్యూస్‌వీక్ పత్రికలు రెండూ ముఖచిత్రంగా వేశాయి. టైమ్ వాళ్లు ముఖాన్ని బాగా నల్లగా చేసి వేశారు. రెండూ పక్కపక్కన దుకాణాల్లో వేలాడేసరికి జనం తేడా కళ్లారా చూశారు, పెద్ద గొడవైంది. అక్కడ నలుపు పెంచి మనిషిని దోషిలా చూపించారని ఆరోపణ. ఇక్కడ మనం నలుపు తగ్గించి మెచ్చుకోలు ఇచ్చామనుకుంటాం. జరిపే స్లైడర్ మాత్రం ఒకటే.

వార్తా ఫొటోల్లో పట్టింపు ఇంకా ఎక్కువ. 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ముఖచిత్రానికి సరిపోవాలని గిజా పిరమిడ్లను దగ్గరికి జరిపేసింది, ఇప్పటికీ ఆ పని గుర్తు చేస్తూనే ఉంటారు. వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో ఫ్రేములో లేనిది చేర్చినా, ఉన్నది తీసేసినా ఎంట్రీ రద్దు. పెళ్లి ఆల్బమ్‌కి అంత పట్టింపు అక్కర్లేదు. మండపం మూలన వేలాడే ప్లగ్ వైరు నేను తీసేస్తాను. మొటిమా తీసేస్తాను, రెండు వారాల్లో ఎలాగూ పోయేదే. పుట్టుమచ్చ జోలికి వెళ్లను. పసుపు బల్బుల వల్ల వచ్చిన పసుపు ఛాయను వైట్ బ్యాలెన్స్‌తో సరిచేస్తాను.

“కాస్త తెల్లగా చెయ్యి బాబూ” అని అడిగేది ఎక్కువగా పెళ్లికూతురు కాదు, చుట్టూ ఉన్నవాళ్లు. అందుకని ఆ అమ్మాయినే విడిగా అడుగుతాను. ఎడిటింగ్ అయ్యాక ఒక్కసారి ముఖాన్నీ, గోరింటాకు పెట్టుకున్న చేతుల్నీ కలిపి చూడండి. రెండూ ఇద్దరు మనుషులవిలా కనిపిస్తే వెనక్కి వెళ్లి ఆ స్లైడర్ తగ్గించండి. రా ఫార్మాట్‌లో, అంటే కెమెరా పట్టిన వివరాలను మార్చకుండా అలాగే దాచే ఫైలుగా తీసుంటే అసలు ఫైలు భద్రంగా ఉంటుంది, ఎన్నిసార్లయినా మొదటికి రావచ్చు.

ఈ వారం పని ఇది. తెల్ల తువ్వాలు ఒకటి, నల్ల గొడుగు ఒకటి కిటికీ దగ్గర పెట్టి, ఒక్కోటీ ఫ్రేము నిండా ఆటోలో తీయండి. రెండూ బూడిదగా వస్తాయి. తర్వాత ప్లస్, మైనస్ బటన్‌తో తువ్వాలు తెల్లగా, గొడుగు నల్లగా వచ్చేదాకా తిప్పండి. ఎంత దగ్గర ఆగారో కామెంట్‌లో రాయండి, వచ్చే వీడియోలో ఫ్లాష్ మొదలుపెట్టేముందు చూస్తాను.