కార్డు ఎవరిదైతే ఏంటి, నింపి చూశావా?

అందరికీ నమస్తే. వెనక కూర్చున్నోళ్ళకి వినపడతందా? సరే. నాకు భోజనాల ముందు టైం ఇచ్చారు, పక్క హాల్లోంచి గుత్తొంకాయ వాసన వచ్చేస్తంది, కాబట్టి సుత్తి కొట్టకుండా చెప్పేస్తాను. లెన్సుల గురించో లైటింగ్ గురించో మాట్లాడతాడులే అని వచ్చినోళ్ళు ఉంటే సారీ అండి, ఇవాళ మాట్లాడేది కెమెరాలో పెట్టే మెమరీ కార్డుల గురించి. రెండున్నర లక్షల కెమెరా మీద వెయ్యి ప్రశ్నలు అడుగుతాం, అది తీసిందంతా ఎక్కడ దాక్కుంటదో ఆ ముక్క మీద మాత్రం ఒక్కటే ప్రశ్న, "ఎంతకొచ్చింది అన్నా?"

నా సంగతే చెప్తా ముందు. మే నెల, మంగళగిరి రోడ్డులో కల్యాణ మండపం, ముహూర్తం రాత్రి 2 గంటల 38 నిమిషాలకి. సోనీ ఎఫ్ఎక్స్6 కెమెరా మీద 4కే, సెకనుకి 50 ఫ్రేములు. కార్డు కొత్తది, బయట బ్రాండుది, కంపెనీ కార్డు, అంటే కెమెరా కంపెనీ వాళ్ళే అమ్మే కార్డు రేటులో మూడో వంతుకి కొన్నా, మీద పెద్ద అక్షరాలతో 800 అని, అంటే సెకనుకి 800 మెగాబైట్లని రాసుంది, ఆ నంబరు చూసి మురిసిపోయాను. సాయంత్రం ఎదురుకోలు నుంచి ఆపకుండా తిప్పుతున్నా, ఏ ఇబ్బందీ లేదు. జీలకర్ర బెల్లం టైం అయింది, అడ్డుతెర మీదుగా అబ్బాయి చెయ్యి పైకి లేచింది, నాదస్వరం వాళ్ళు అందుకున్నారు, నేను ఫోకస్ అమ్మాయి నుదుటి మీద పెట్టుకున్నా, స్క్రీన్ మీద రికార్డింగ్ ఎర్ర గుర్తు ఆరిపోయింది. మళ్ళీ నొక్కా, నాలుగు సెకన్లు తిరిగి మళ్ళీ ఆగింది. అంతే, తెర దించేశారు. పంతులు గారిని "ఇంకోసారి పెట్టించండి" అని అడగలేం కదా. రెండో కెమెరా మా తమ్ముడి దగ్గరుంది, వాడు ఆ టైంకి అక్షింతలు పట్టుకున్న ముసలమ్మల్ని తీస్తన్నాడు, వాణ్ణి అనడానికి లేదు, అక్కడ నిలబడమంది నేనే. చివరికి అమ్మాయి మేనత్త కొడుకు ఫోన్లో తీసింది తెచ్చి ఎడిట్‌లో అతికించాం. వాళ్ళ నాన్నగారు తిట్టలేదండి. ఆల్బం తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు "కెమెరా చాలా పెద్దదే తెచ్చావు కదా బాబూ" అన్నారు, అంతే.

ఇంటికొచ్చి కార్డు మీద స్పీడ్ టెస్ట్ పెట్టా. బ్రహ్మాండంగా 700 పైన చూపించింది. అక్కడే నాకు పిచ్చెక్కింది. ఇంత స్పీడుంటే ఎందుకు ఆగింది? తర్వాత ఓ సీనియర్ అన్నయ్య, సినిమాల్లో డీఐటీ, అంటే షూటింగ్‌లో కార్డులూ డేటా చూసుకునే పని చేస్తాడు, ఫోన్లో ఒకే మాట అన్నాడు, "ఐదు జీబీ టెస్ట్ కాదురా, కార్డు మొత్తం నింపి చూడు." నింపితే మొదటి కొంత దూరం జెట్‌లా వెళ్ళింది, ఆ తర్వాత మెట్లు దిగినట్టు దిగి, మధ్యమధ్యలో 40కి కూడా పడింది. నా కెమెరాకి కావాల్సింది ఎంతో తెలుసా? 50 ఫ్రేముల ఇంట్రా కోడెక్, అంటే ప్రతి ఫ్రేమునీ విడిగా కుదించి దాచే పద్ధతి, దానికి సెకనుకి 500 మెగాబిట్లు, ఎనిమిదితో భాగిస్తే 62 మెగాబైట్ల పైన. 62 అడుగుతుంటే 40 ఇస్తంటే ఆగక ఏం చేసిద్ది.

ఇక్కడ మనోళ్ళు సగం మంది పొరబడేది బిట్లకీ బైట్లకీ మధ్య. కెమెరా మెనూలో కనపడేది మెగాబిట్లు, కార్డు మీద రాసేది మెగాబైట్లు. పైగా కార్డు మీద పెద్ద అక్షరాల్లో ఉండేది చాలాసార్లు చదివే స్పీడు, రాసే స్పీడు కాదు. ఆ రాసే స్పీడు కూడా "గరిష్ఠంగా". మనకి కావాల్సింది గరిష్ఠం కాదండి, కనిష్ఠం. ఎంత పైకెళ్ళుద్దో అక్కర్లేదు, ఎంత కిందకి పడదో చెప్పు నాకు.

అది చెప్పే గుర్తులు ఉన్నాయి. ఎస్‌డీ కార్డు మీద వీ30, వీ60, వీ90 అని ఉంటదే, అది సెకనుకి కనీసం అన్ని మెగాబైట్లు రాస్తానని మాట ఇవ్వడం. సీఎఫ్ ఎక్స్‌ప్రెస్ కార్డుల మీద చిన్న క్లాప్ బోర్డు బొమ్మ వేసి లోపల 200 అనో 400 అనో రాసుంటది, దాన్ని వీపీజీ అంటారు, అది కూడా అలాంటి హామీయే. నా కార్డు మీద ఆ బొమ్మ లేదు. నేను వెతకనూ లేదు.

మరి స్పీడు ఎందుకు పడిపోయిద్ది? టిఫిన్ సెంటర్ అనుకోండి. పొద్దున్నే ఒక వాయి ఇడ్లీ తీసి హాట్ బాక్సులో పెట్టుకుంటాడు, మొదటి ఇరవై మందికి అడగ్గానే పెట్టేస్తాడు, మీరు అబ్బో ఎంత ఫాస్టో అనుకుంటారు. ఇరవై ఒకటో వాడు వచ్చేసరికి బాక్సు ఖాళీ, ఇంక రెండో వాయి దిగేదాకా నిలబడాలి. కార్డులోనూ అంతే. మెమరీ చిప్పులో ఒక్కో గదిలో మూడు బిట్లు, కొన్నిట్లో నాలుగు బిట్లు కుక్కుతారు, చవగ్గా ఎక్కువ జీబీలు రావాలంటే అదే దారి, కానీ అలా కుక్కి రాయడం నెమ్మది. అందుకని కొంత భాగాన్ని గదికి ఒక్క బిట్టు చొప్పున గబగబా రాసుకోడానికి వాడతారు, తర్వాత తీరిక దొరికినప్పుడు అసలు చోట్లోకి సర్దుకుంటది. ఫొటోలు తీసేవాడికి ఆ తీరిక దొరుకుద్ది. నాలుగు గంటలు నాన్‌స్టాప్‌గా వీడియో తిప్పేవాడు దానికి తీరిక ఎక్కడిస్తాడు? క్యూ కెమెరా బఫర్లో, అంటే కార్డుకి వెళ్ళేముందు డేటా ఆగే చోట్లో పెరిగి, హోటల్ నిండి, షట్టర్ దించేస్తారు. మనకి కనపడేది ఆ దించిన షట్టరే, అంటే ఆగిపోయిన రికార్డింగే.

దానికి తోడు మన ఎండ. ఈ కొత్త కార్డులూ, కార్డు బదులు వాడే ఎస్‌ఎస్‌డీ డ్రైవులూ రాసేటప్పుడు బాగా వేడెక్కుతాయి, వేడి హద్దు దాటితే తమంతట తాము నెమ్మదిస్తాయి, కాలిపోకుండా. డబ్బా మీద ఉన్న స్పీడు ఏసీ గదిలో కొలిచింది. రోహిణి కార్తెలో భవానీ ఐలాండ్‌లో మధ్యాహ్నం ప్రీ వెడ్డింగ్ పెట్టుకుని, కెమెరాని నల్ల రిగ్గులో బిగించి ఎండలో నిలబెడితే ఆ లెక్క చెల్లదు. ఉండవల్లి గుహల దగ్గర రాతి మీద ట్రైపాడ్ పెట్టినోళ్ళకి నేను చెప్పక్కర్లేదు, అరికాలికి తెలిసే ఉంటది.

అయితే ఇక్కడ ఒకటి. ఇంత చెప్పాక "చూశారా, కంపెనీ కార్డే కొనాలి" అంటానేమో అనుకుంటున్నారు. అనను. ఇప్పటికీ నా బ్యాగులో సగం పైగా బయట కార్డులే.

అసలు "కంపెనీ కార్డు" అంటే ఏంటండి? లోపలి మెమరీ చిప్పులు ప్రపంచంలో పెద్ద ఎత్తున చేసేది చాలా కొద్ది మంది, శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్, కియోక్సియా, శాన్‌డిస్క్ లాంటోళ్ళు. ఎవరి పేరు మీద అమ్మినా తిప్పి తిప్పి అక్కడి సరుకే ఎక్కువ. 2019లో పెద్ద గొడవ నడిచింది, గుర్తుందా? రెడ్ అనే కంపెనీ సినిమా కెమెరాకి మినీ మ్యాగ్ అని వాళ్ళదే సొంత కార్డు లాంటిది, వెయ్యి డాలర్ల పైమాట. జిన్నీటెక్ అనే చిన్న సంస్థ ఆయన దాన్ని విప్పి, లోపల ఉన్నది కంప్యూటర్లలో వాడే మామూలు ఎంసాటా రకం ఎస్‌ఎస్‌డీయే చూడండి అని వీడియో పెట్టాడు. ప్రపంచం మొత్తం కెమెరామెన్లు కొట్టుకున్నారు. రెడ్ వాళ్ళేమో రేటులో చిప్పు ఒక్కటే కాదు, దాని వెనక పని కూడా ఉందన్నారు. ఎవరిది రైటు అంటే, నాకైతే రేటు మరీ ఎక్కువే అనిపించింది, కానీ వాళ్ళు చెప్పినదాంట్లో కూడా విషయం ఉంది. తర్వాత వాళ్ళే దారి మార్చారు, 2020లో కొమోడో కెమెరాకి సీఎఫాస్ట్, 2021లో వీ రాప్టర్ కెమెరాకి సీఎఫ్ ఎక్స్‌ప్రెస్ టైప్ బీ, అంటే బజార్లో దొరికే కార్డులే. 2024లో రెడ్‌నే నికాన్ కొనేసింది, అది వేరే కథ. బ్లాక్‌మ్యాజిక్ వాళ్ళైతే 2012లో మొదటి సినిమా కెమెరాకే మామూలు రెండున్నర అంగుళాల ఎస్‌ఎస్‌డీ పెట్టుకోమన్నారు, 2018లో పాకెట్ 4కేకి యూఎస్‌బీ సీలో బయట ఎస్‌ఎస్‌డీ తగిలించుకోమన్నారు.

కాబట్టి కంపెనీ కార్డుకి మనం ఇచ్చే ఎక్కువ డబ్బు ఎందుకంటే, ఇంకెవడో మన బదులు దాన్ని నింపి, వేడిచేసి, మళ్ళీ నింపి చూశాడు, అందుకు. ఆ కూలీ మనం ఇవ్వకపోతే ఆ పని మనం చేసుకోవాలి. ఫిల్ము రోజుల్లో మన పెద్దోళ్ళు కొత్త బ్యాచ్ నెగటివ్ వస్తే ఎమల్షన్ టెస్ట్, అంటే కొంచెం ముక్క తీసి కడిగి చూడటం, అది చెయ్యకుండా షూటింగ్‌కి వెళ్ళేవాళ్ళు కాదు. వెయ్యి అడుగుల రోలు తిరిగేదే 11 నిమిషాలు, దానికే అంత భయం వాళ్ళకి. మనమేమో ఒక్క కార్డులో పెళ్ళంతా పోసి, టెస్ట్ అంటే "ఆన్ అయింది కదా" అంటాం.

నేను ఇప్పుడు ఎలా చేస్తానో చెప్తా. కొనేముందు కెమెరా కంపెనీ సైట్లో సపోర్ట్ లిస్టు తీస్తా. అందులో బ్రాండ్ పేరు ఉంటే చాలదు, అదే మోడల్, అదే కెపాసిటీ ఉండాలి. 512 జీబీది పాసయిందంటే 128 జీబీది కూడా పాసయినట్టు కాదు, చిన్న కార్డులో చిప్పులు తక్కువ, ఒకేసారి పంచుకుని రాసే చేతులు తక్కువ. ఏ ఫ్రేం రేటుకి పాసయిందో కూడా చూడాలి, మనం ఆ గడి వదిలేసి టిక్కు మాత్రమే చూస్తాం. ఇంకో తిరకాసు ఏంటంటే అదే పేరుతో, అదే డబ్బాతో లోపల చిప్పు మార్చేసే వాళ్ళున్నారు, అందుకే మా ఫ్రెండ్ దగ్గర రెండేళ్ళ క్రితం కొన్నది బాగుందంటే ఇవాళ కొన్నది కూడా అలాగే ఉంటదని నేను నమ్మను. ఒకేసారి నాలుగు కొన్నా నాలుగూ విడివిడిగా నింపుతా.

నింపడం అంటే ఇంత పని. కెమెరాలోనే ఫార్మాట్ చెయ్యి. నువ్వు వాడే వాటిల్లో అన్నిటికన్నా బరువైన సెట్టింగ్ పెట్టు. కదిలే దాని మీద పెట్టు, తెల్ల గోడ మీద కాదు, ఎందుకంటే కొన్ని కోడెక్‌లకి సీను తేలికైతే డేటా తగ్గిపోయిద్ది. నేను మా డాబా మీద వేపచెట్టు కొమ్మల మీద పెడతా, గాలికి ఆకులు ఊగుతుంటే దాన్ని మించిన పరీక్ష లేదు. మధ్యాహ్నం పెడతా, ఏసీలో కాదు. నిండేదాకా ఆపొద్దు. నిండాక ఫార్మాట్ కొట్టి వెంటనే మళ్ళీ నింపు, రెండోసారే నిజం బయటపడుద్ది. తర్వాత లాప్‌టాప్‌లో ఆ క్లిప్పులు మొదటి నుంచి చివరిదాకా ఆడాలి. ఇలా మూడు సార్లు నిలబడితే దానికి నంబరేసి బ్యాగులో చోటిస్తా. మా ఆవిడ మొదట్లో వేపచెట్టుకి గంటలకొద్దీ వీడియో ఏంటని నవ్వేది, ఇప్పుడు తనే కార్డు నిండిందని కేకేస్తది.

ఎస్‌ఎస్‌డీ తగిలించేవాళ్ళకి ఒక్క మాట, కేబుల్. యూఎస్‌బీ సీ అని రెండు వైపులా ఒకేలా కనపడ్డంత మాత్రాన ఒకటి కాదు. ఫోన్ ఛార్జర్‌తో వచ్చే వాటిల్లో చాలా భాగం యూఎస్‌బీ 2, అంటే 480 మెగాబిట్లు, కాగితం మీద కూడా 60 మెగాబైట్లు దాటదు. బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ 6కేలో 3:1 రా, అంటే సెన్సర్ డేటాని మూడో వంతుకి మాత్రమే కుదించే సెట్టింగ్ పెడితే 30 ఫ్రేములకి సెకనుకి సుమారు 320 మెగాబైట్లు కావాలి. పాపం ఎస్‌ఎస్‌డీని తిట్టి ముగ్గురు తమ్ముళ్ళు నా దగ్గరికి తెచ్చారు, ముగ్గురిదీ కేబులే. పొట్టిది వాడండి, క్లాంపు బిగించండి, గింబల్ మీద ఆ పిన్ను కొంచెం కదిలితే చాలు, సగం టేకు గోవిందా.

డూప్లికేట్ సరుకు సంగతి వేరు, అది థర్డ్ పార్టీ, అంటే బయట కంపెనీ సరుకు కాదు, దొంగతనం. 64 జీబీ చిప్పుకి 512 అని అబద్ధం నేర్పించి అమ్ముతారు, 64 నిండాక పాతదాని మీదే రాసుకుంటూ పోయిద్ది, మనకి తెలియను కూడా తెలియదు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని ఉచిత ప్రోగ్రాం ఉంది, మొత్తం నింపి తిరిగి చదివి చెప్తది. సగం రేటుకి ఎవడైనా ఇస్తే అది పెట్టకుండా డబ్బులు ఇవ్వొద్దు.

ఆలెక్సా 35, వెనిస్ లాంటి పెద్ద సినిమా కెమెరాలు అద్దెకి తెచ్చుకున్నప్పుడు ఈ గోల లేదు, వాటిల్లో పెట్టే కోడెక్స్ డ్రైవులు, ఏఎక్స్ఎస్ కార్డులు రెంటల్ వాళ్ళే ఇస్తారు, వాళ్ళది వాళ్ళకిచ్చేయడమే. కొమోడో అద్దెకి తెచ్చి సొంత కార్డు పెట్టాలనుకుంటే మాత్రం ముందే రెంటల్ వాళ్ళని అడగండి, ఏదైనా ఆగితే సర్వీసు వాళ్ళు వేసే మొదటి ప్రశ్న "ఏ కార్డు వాడారు సార్?" అనే.

కాపీల గురించి పెద్దగా చెప్పను, అందరికీ తెలుసు, ఎవరూ చెయ్యరు. డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్లోన్ టూల్ ఉచితం, చెక్‌సమ్ చూసి, అంటే కాపీ అసలుతో సరిపోయిందో లేదో లెక్క కట్టి మరీ కాపీ చేసుద్ది. రెండు వేరువేరు డిస్కుల్లో పడేదాకా కార్డు ఫార్మాట్ కొట్టొద్దు. నిండిన కార్డుని, ఖాళీవాటితో కలిసిపోకుండా, కేసులో తిరగేసి పెట్టుకోండి.

సరే, గుత్తొంకాయ ఆగేట్టు లేదు. వెనక బల్ల మీద రెండు కెమెరాలు పెట్టా, బ్యాటరీలు నిండుగా ఉన్నాయి, బయట వరండాలో ఎండ కూడా ఉంది. మీ జేబుల్లో ఉన్న కార్డుల్లో ఖాళీవి పట్రండి, భోజనం చేసి వచ్చేలోపు నింపేద్దాం. అదిగో, మూడో వరసలో ఆ తమ్ముడు ఇందాకటి నుంచి పర్సు తడుముకుంటున్నాడు, మొదట నీదే ఇవ్వమ్మా.