మనది ఒండ్రు నేలే కదా అనేవాళ్లు ఈ రెండు గ్లాసులూ చూడండి

(బల్ల మీద రెండు గాజు గ్లాసుల నిండా నీళ్లు. పక్కన రెండు మట్టిగడ్డలు.)

"మాది గోదారి ఒండ్రండీ, దీనికి పచ్చిరొట్టెందుకు?" ఈ మాట విన్నప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. పచ్చిరొట్టంటే పైరుని పచ్చిగా ఉండగానే నేలలో కలియదున్నడం. ఏటిగట్లు లేచాక వరద గట్ల మధ్యనుంచే సముద్రంలో కలుస్తోంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట కట్టినప్పటి నుంచీ మన చేలకొచ్చేది కాలవ నీళ్లు. వాటితో వచ్చే ఒండ్రు ఏపాటి? తాతలనాటి మట్టిలోంచే సార్వా, దాళ్వా, అంటే వానాకాలం వరీ రెండో పంట వరీ, రెండూ పిండుకుంటున్నాం.

ఈ గడ్డలు రెండూ ఒకే చేనువి. ఒకటి గట్టు మీద గడ్డివేళ్ల కిందది, రెండోది చేను మధ్యది. నీడలో ఆరినవి. ఒకేసారి వేస్తున్నా.

(కెమెరా దగ్గరగా.) చేను గడ్డ చూడండి. బుడగలు, అంచులు రాలడం... అయిపోయింది, అడుగున బురద, పైన టీ రంగు నీళ్లు. గట్టు గడ్డ మాత్రం నీళ్లు తాగి కుదురుగా కూర్చుంది.

దిబ్బరొట్టె తెలుసుగా? బియ్యపు రవ్వ మన బంకమట్టి. మినప్పిండి సేంద్రియం, అంటే నేలలో చివికిన ఆకూ వేరూ. పులియబెట్టేవి సూక్ష్మజీవులు, వానపాములు. బాగా పులిసిన రొట్టె మీద పానకం పోస్తే గుల్లల్లోకి పీల్చుకుంటుంది, విరగదు. మినప్పిండి తగ్గిస్తే పానకం పైనే నిలుస్తుంది, ఆరితే రాయి. రెండు రోజుల్లో నెల వాన కురిసి, తర్వాత మూడు వారాలు మబ్బు కనపడని ఈ రోజుల్లో మన చేను ఏ రొట్టెలా ఉండాలో ఆలోచించండి.

దాళ్వా కోత మిషన్ వెళ్లగానే గడ్డి అంటించడమంటే పప్పు నానబెట్టక ముందే కాల్చెయ్యడం. టన్ను గడ్డిలో సుమారు 5 కిలోల నత్రజని ఉంటుంది, దాదాపు అంతా పొగలో పోతుంది. బూడిదలో పొటాష్ ఉంది కదా అంటారు. ఉంది. కానీ రొట్టెని పొంగించేది అది కాదండీ!

ఇక జీలుగ, మన పచ్చిరొట్ట పైరు. ఎకరాకు 10 నుంచి 12 కిలోల విత్తనం. వేసవిలో కాలవలకి నీళ్లు ఆపేస్తారు కాబట్టి దాళ్వా కోతకు రెండు మూడు రోజుల ముందే, పదునుండగా చల్లెయ్యాలి. 45 రోజులకి, పూత మొదలవగానే కలియదున్నాలి. కాడని గోటితో గిచ్చండి, గోరు దిగితే సరైన అదను. దిగలేదంటే ముదిరింది. ముదురు కాడ చివకడానికి సూక్ష్మజీవులు నేలలో నత్రజనిని తామే లాక్కుంటాయి, ఊడ్చిన, అంటే నాటిన నారు పసుపెక్కుతుంది. దున్నేటప్పుడు ఎకరాకు 50 కిలోల సూపర్ ఫాస్ఫేట్ వేసి, పలచగా నీరు పెట్టి, 10 నుంచి 15 రోజులు చివకనివ్వాలి. తొందరపడి మర్నాడే ఊడిస్తే కుళ్లిన కోడిగుడ్డు వాసన, నల్లబడ్డ వేళ్లు. అలా అయితే నీళ్లు తీసేసి, సన్న నెర్రెలు పడేదాకా ఆరగట్టండి. మందు కొట్టి లాభం లేదు.

బాగా పెరిగిన జీలుగ ఎకరాకు ఒక బస్తా యూరియాకి సరిపడా నత్రజని ఇస్తుంది. ఆ మేరకు యూరియా తగ్గించాలి. తగ్గించకపోతే పైరు మదించి వరికి పట్టే దోమనీ, పొడ తెగులునీ పిలుస్తుంది, కోత ముందు తుపాను గాలికి చేనంతా పడిపోతుంది.

దమ్ము, అంటే నీళ్లు పెట్టి బురదగా దున్నడం, మానమనడం లేదు. వరికి నీరు నిలవాలిగా. అవసరానికి మించి ట్రాక్టర్ ఇనప చక్రాలు తిప్పొద్దంటున్నా, అంతే. పులిసిన పిండిని గిలక్కొట్టినట్టే అది.

టైం అయిపోతోంది, గబగబా చెప్తా. అంతర్వేది, మొగల్తూరు వైపు ఉప్పు నేలలు: వేసవిలో చేను బోడిగా ఉంటే ఉప్పు పైకొచ్చి తెల్లగా పూస్తుంది. జీలుగ ఉప్పుని తట్టుకుంటుంది, నేలకి నీడ కూడా. కాలవ వదలగానే మంచినీళ్లు నిలగట్టి తీసెయ్యాలి, రెండు మూడుసార్లు. జిప్సం మాత్రం మట్టి పరీక్షలో క్షారమని తేలితేనే, ఉట్టి ఉప్పుకి దండగ. జింకు లోపముంటే దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్, సూపర్ ఫాస్ఫేట్‌తో కలపకుండా. మురుగు కాలవలో గుర్రపుడెక్క తియ్యకపోతే ఎంత గుల్ల నేలైనా మునుగుతుంది, అది ఊరంతా కలిసి చెయ్యాల్సిన పని.

(గ్లాసులు దగ్గరగా.) గట్టు గడ్డ ఇంకా విడలేదు.