రెండో కారు అమ్మేస్తే పరువు పోతుందా? స్టూడియో చర్చ, పూర్తి పాఠం

హైదరాబాద్‌లో కొండాపూర్ వైపు ఒక గేటెడ్ కమ్యూనిటీలో ఒకాయన ఇంట్లో ఉన్న రెండో కారు అమ్మేశారు. ఖాళీ అయిన పార్కింగ్ స్లాట్‌లో మూడు సైకిళ్లు పెట్టారు. ‘స్లాట్ కారుకు మాత్రమే, సైకిళ్లు వెంటనే తీసేయగలరు’ అని అసోసియేషన్ నోటీసు అంటించింది. ఆ నోటీసు ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగి తిరిగి మా స్టూడియో దాకా వచ్చింది. ‘ఇద్దరు అటు, ఇద్దరు ఇటు’ అని ప్రోమోలో చెప్పాం. ఎవరికి ఎంత సమయం దక్కిందో చదివితే మీకే తెలుస్తుంది. అందరూ ఒకేసారి మాట్లాడిన చోట్ల వినపడినంత వరకే రాశాం. పేర్లు వద్దని సైకిల్ పెద్దమనిషి అడిగారు కాబట్టి అందరికీ వృత్తులే పెట్టాం.

యాంకర్: నమస్కారం. కారు ఉండాల్సిన చోట సైకిలా? ఇది పర్యావరణమా, పిసినారితనమా? ముందు మీరే చెప్పండి సార్. నోటీసు చూసి ఇంట్లోవాళ్లు ఏమన్నారు? మీ మామగారు ఏమన్నారు?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి: మామగారి సంగతి పక్కన పెట్టండి. నా ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో. ఇంటి నుంచి ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లు. కొత్తగూడ, గచ్చిబౌలి, ట్రిపుల్ ఐటీ జంక్షన్, నానక్‌రామ్‌గూడ. కారులో సాయంత్రం గంట పట్టిన రోజులున్నాయి. సైకిల్ మీద నలభై నిమిషాలు, వాన వచ్చినా రాకపోయినా అంతే. రెండో కారు నెలలో సగం రోజులు సెల్లార్‌లో దుమ్ము పట్టి ఉండేది. బండి కదలకపోయినా ఇన్సూరెన్స్ కట్టాలి, సర్వీసింగ్ చేయించాలి, బ్యాటరీ...

కార్ల డీలర్: ఒక్క నిమిషం, ఒక్క నిమిషం. దుమ్ము పట్టిందంటే తప్పు కారుదా, మీదా?

ఉద్యోగి: నేను పూర్తి చేయనివ్వండి...

డీలర్: చేయండి, చేయండి. నేను ఆపడం లేదు. కానీ ప్రేక్షకులకి ఒక సంగతి తెలియాలి. నేను ఇరవై ఏళ్లుగా సెకండ్ హ్యాండ్ కార్ల వ్యాపారంలో ఉన్నానండి. కారు అమ్మినవాడు మళ్లీ నా దగ్గరికే వస్తాడు. పిల్లకి జ్వరం వస్తే రాత్రి రెండింటికి సైకిల్ మీద తీసుకెళ్తారా?

ఉద్యోగి: మొదటి కారు ఉందండి. నేను అమ్మింది రెండోది.

డీలర్: అది మీ ఆవిడ తీసుకెళ్తే?

ఉద్యోగి: రాత్రి రెండింటికి ఎక్కడికి తీసుకెళ్తుంది సార్?

(నవ్వులు)

యాంకర్: మంచి పాయింట్. (ఎవరి పాయింటో చెప్పలేదు.) రిటైర్డ్ ఇంజినీర్ గారూ, మీరు రోడ్లు వేసినవారు. సైకిల్‌కి మన రోడ్డు మీద చోటుందా? క్లుప్తంగా.

రిటైర్డ్ ఇంజినీర్: కాగితం మీద ఎప్పుడో ఉందండి. 2006లో కేంద్రం జాతీయ పట్టణ రవాణా విధానం తెచ్చింది. కదలాల్సింది మనుషులు, వాహనాలు కాదు అని అందులో స్పష్టంగా ఉంది. సైకిల్ ట్రాక్ ఎంత వెడల్పుండాలి, జంక్షన్ దగ్గర ఎలా దాటించాలి, వీటికి రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సంస్థ కోడ్ వేరే ఉంది. కోడ్ లేక కాదు...

డీలర్: కోడ్ ఉంటే రోడ్డేదండీ?

ఇంజినీర్: అదే చెబుతున్నాను. గచ్చిబౌలి చుట్టుపక్కల రోడ్డు వారగా రంగు వేసి సైకిల్ బొమ్మ గీశారు. గీత గీస్తే ట్రాక్ అవదు. మధ్యలో దిమ్మె కట్టాలి. దిమ్మె లేని చోట పొద్దున ఆటోలు, సాయంత్రం మిర్చిబజ్జీ బండి.

యాంకర్: కానీ ఓఆర్ఆర్, అదే ఔటర్ రింగ్ రోడ్డు, పక్కన అంత పెద్ద ట్రాక్ వేశారు కదా సార్! సోలార్ పైకప్పుతో!

ఇంజినీర్: వేశారు, 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. 23 కిలోమీటర్లు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో ముక్క. పైన 16 మెగావాట్ల సోలార్ పలకలు. కట్టడం వరకూ బాగుంది, ఎండ తగలదు. కానీ అది ఇంటి నుంచి ఆఫీసుకు పోయే దారి కాదు, వ్యాయామానికి పోయే దారి.

ఉద్యోగి: నేను ఆదివారం అక్కడికి వెళ్తుంటాను. చాలామంది సైకిల్‌ని కారు వెనక స్టాండ్‌కి కట్టుకుని వస్తారు. ట్రాక్ దాకా తొక్కుకుంటూ రావడానికి భయం.

డీలర్: (బల్ల చరుస్తూ) ఇదిగో! చూశారా! సైకిల్ తొక్కడానికి కూడా కారే కావాలి! నేను చెప్పలేదు, ఆయనే చెప్పాడు!

(ఇక్కడి నుంచి దాదాపు నిమిషం పాటు డీలర్ గారు ఇదే మాట నాలుగు రకాలుగా చెప్పారు. ఒకటి చాలు.)

ఉద్యోగి: సార్, నేను చెప్పింది దానికి సరిగ్గా తిరగేసి...

యాంకర్: సరే, అసలు విషయానికి వద్దాం. పరువు! మన సమాజంలో పెళ్లి చూపులకి ముందు అబ్బాయికి కారుందా అని అడుగుతారు. అల్లుడు సైకిల్ మీద దిగితే కాలనీలో ఏమనుకుంటారు?

ఉద్యోగి: మా మామగారు పోస్ట్‌మ్యాన్‌గా చేశారండి. సర్వీసంతా సైకిలే.

యాంకర్: అయినా, లోపల బాధ ఉంటుంది కదా?

ఉద్యోగి: ...

టీచర్: నన్ను మాట్లాడనిస్తరా లేదా? ఇరవై నిమిషాల సంది కూసున్న.

యాంకర్: తప్పకుండా మేడమ్. మీరు సైకిల్‌కి వ్యతిరేకంగా...

టీచర్: వ్యతిరేకమని నేనెప్పుడన్న? ఆ పక్క కుర్చీల కూసోబెట్టింది మీరే. నా ప్రశ్న ఒక్కటే. ఇంట్ల రెండో కారంటే అసలు ఎవ్వరిది? మొగాయనది మొదటి కారు. రెండోది ఆడామె తోలేది. పిల్లల బడి, కూరగాయలు, అత్తగారి డయాలసిస్, గవన్నీ దాని మీదనే. ఇప్పుడు ‘రెండో కారు అమ్మినం’ అంటే ఎవరి కారు అమ్మినట్టు? సార్, మీరు సైకిల్ మీద పోతున్నరు, మంచిదే. మిగిలిన కారు తాళం ఎవరి దగ్గరుంది?

ఉద్యోగి: మా ఆవిడ దగ్గరే ఉందండి. నేను నడిపేదే అమ్మాను.

టీచర్: గట్లయితే మీకు దండం పెడ్తా. కానీ మా స్టాఫ్ రూముల ఇద్దరి ఇండ్లల్ల ఉల్టా అయింది. ఆయన అమ్మింది ఆమె కారు. ఆయనకేమో కారులనే ఆఫీసు. ఆమెకు ‘ఫ్రీ బస్సుంది కదా’ అన్నరు.

డీలర్: మేడమ్ చెప్పింది నూటికి నూరు పాళ్లు! అందుకే రెండో కారు అవసరం అంటున్నాను. పైగా తెలంగాణలో ఒకే పేరు మీద రెండో బండి కొంటే లైఫ్ టాక్స్ రెండు శాతం ఎక్కువ. అందుకే నేను కస్టమర్లకి చెబుతా, మేడమ్ గారి పేరు మీద తీసుకోండి, కలిసొస్తుందని. మహిళా సాధికారత!

టీచర్: పేరు మాది, తాళం మీది. గదే నేనంటున్న.

డీలర్: లేదు లేదు మేడమ్, మీరు కోపంగా ఉన్నారు. ఇంకో మాట. సెప్టెంబరు 22, 2025 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది. ఎలక్ట్రిక్ కారు తీసుకుంటే ఇక్కడ రోడ్ టాక్స్ మాఫీ అని 2024 నవంబరులోనే జీవో ఇచ్చారు. ప్రభుత్వమే కొనమంటుంటే ఈయన అమ్మమంటాడు!

ఉద్యోగి: అదే రోజు సైకిల్ మీద కూడా 12 నుంచి 5కి తగ్గించారు. అది చెప్పరేం?

డీలర్: సైకిల్ మీద ఎంత మిగులుతుందండీ? అయిదొందలా? లక్ష రూపాయల సైకిళ్లు వేసుకుని, హెల్మెట్టూ, గ్లౌజులూ, ఆ బిగుతు చెడ్డీలూ...

ఉద్యోగి: నాది పదకొండు వేల సైకిల్. క్యారియర్, మడ్‌గార్డ్, బెల్లు, అంతే.

యాంకర్: అంటే చెడ్డీ విషయంలో...

ఇంజినీర్: మనం ఎక్కడికి పోతున్నామండీ? నెదర్లాండ్స్ సంగతి ఒక్క ముక్క చెబుతాను. ఆమ్‌స్టర్‌డామ్‌లో అందరూ పుట్టుకతోనే సైకిల్ తొక్కుతారని మనం అనుకుంటాం. అక్కడా కార్లే పెరిగిపోయాయి. 1971 ఒక్క ఏడాదే రోడ్డు మీద మూడు వేల మందికి పైగా చచ్చిపోయారు. అందులో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. ‘పిల్లల్ని చంపడం ఆపండి’ అని తల్లిదండ్రులు రోడ్ల మీద కూర్చున్నారు. 1973లో చమురు సంక్షోభం వచ్చింది, ఆదివారాలు కార్లు బంద్ చేశారు. అప్పుడు మొదలైంది వేరే ట్రాక్‌లు కట్టడం. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్రం లెక్క. మనం ఇక్కడ చెడ్డీల గురించి...

డీలర్: అదే కదా! అంతమంది పోతుంటే సైకిల్ ఎక్కమంటారా? ఇనుప డబ్బాలో కూర్చుంటేనే గ్యారంటీ లేదు!

ఇంజినీర్: ఆ డబ్బాలే గుద్దుతున్నాయి బాబూ.

(అందరూ ఒకేసారి. డీలర్ గొంతు తప్ప ఏదీ వినపడలేదు. ‘మే నెల ఎండ’, ‘చెమట’, ‘మీటింగ్‌లో వాసన’ అన్న మాటలు దొరికాయి.)

యాంకర్: చిన్న బ్రేక్. బ్రేక్ తర్వాత, సైకిల్ తొక్కితే పెళ్లి సంబంధాలు తప్పిపోతాయా?

(బ్రేక్)

యాంకర్: మళ్లీ స్వాగతం. చెమట గురించి అడిగారు డీలర్ గారు.

ఉద్యోగి: ఆఫీసులో స్నానాల గది ఉంది, జిమ్ వాళ్ల కోసం కట్టింది. తాళం వేసి ఉంచుతారు. అడిగితే ఇస్తారు. పొద్దున ఏడున్నరకి బయల్దేరితే ఏప్రిల్‌లో కూడా భరించొచ్చు. సాయంత్రమే కష్టం, ఎండ వల్ల కాదు, గచ్చిబౌలిలో లారీల హారన్ల వల్ల. వాన పడితే మ్యాన్‌హోల్ ఎక్కడుందో తెలియదు. నేను సుఖంగా ఉందని అనడం లేదు. కుదురుతోంది అంటున్నాను.

డీలర్: ‘కుదురుతోంది’! రాసుకోండి. ‘సుఖంగా లేదు’ అని ఆయనే ఒప్పుకున్నాడు.

యాంకర్: ఒప్పుకున్నారు.

ఉద్యోగి: నేను ఒప్పుకోవడం ఏమిటండీ...

ఇంజినీర్: మా చిన్నప్పుడు సైకిల్‌కి మున్సిపాలిటీ టోకెన్ ఉండేది. లైటు లేకుండా వచ్చినా, డబుల్స్ ఎక్కినా పోలీసు ఆపి గాలి తీసేవాడు. అంటే సైకిల్‌ని బండి కింద లెక్కేసేవాళ్లు. ఇప్పుడు సెల్లార్ ప్లాన్‌లో దాని ఊసే ఉండదు. ఆ అసోసియేషన్ తప్పు కూడా పూర్తిగా కాదు, వాళ్ల బైలాలో కారు అని రాసుంది.

యాంకర్: అంటే అసోసియేషన్‌దే కరెక్ట్ అంటారు!

ఇంజినీర్: నేనలా అన్లేదు. బైలా మార్చాలి అంటున్నా. ఆ స్లాట్‌కి ఆయన డబ్బు కట్టాడు.

డీలర్: రేపు ఒకాయన గేదెని కట్టేస్తాడు. స్లాట్ నాదే అంటాడు. ఏం చేస్తారు?

యాంకర్: గేదె! మంచి ప్రశ్న. సార్, గేదెని కట్టేస్తే?

(గేదె మీద మూడు నిమిషాలు నడిచింది. పాల ధర దాకా వెళ్లింది. తీసేశాం.)

టీచర్: ఆంధ్రల తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ‘బడికొస్తా’ అని సైకిళ్లిచ్చిన్రు. బిహార్‌ల 2006ల ఇచ్చిన్రు. బడి దూరమైతే పిల్ల చదువు బందయితదని. ఆ పిల్లలను పరువు ఏమాయె అని ఎవ్వరన్న అడిగిన్రా? పెద్ద రోడ్డు మీద మా తొమ్మిదో తరగతి పిల్లను సైకిల్ మీద పంపొచ్చా, ఇది చెప్పున్రి చాలు. పంపచ్చంటే రెండో కారు నేనే అమ్మిస్త.

డీలర్: సైకిల్ అనగానే మేడమ్ ఆంధ్రాకి వెళ్లారు. మాకు తెలుసులెండి ఆ గుర్తు!

టీచర్: నేను పిల్లల ముచ్చట చెప్తున్న...

డీలర్: సరదాకన్నానండి, సరదాకి. చర్చని రాజకీయం చేయకండి.

యాంకర్: రాజకీయం వద్దు, దయచేసి. సమయం అయిపోతోంది. అందరికీ చెరో పది సెకన్లు. ఇంజినీర్ గారూ?

ఇంజినీర్: దిమ్మె కట్టండి. గీత కాదు, దిమ్మె.

యాంకర్: మేడమ్?

టీచర్: నా ప్రశ్నకు ఎవ్వరు జవాబియ్యలె.

యాంకర్: ధన్యవాదాలు. సార్, మీరు చివరిగా, పరువు గురించి?

ఉద్యోగి: సైకిళ్లు ఆ స్లాట్‌లోనే ఉంటాయి. సోమవారం జనరల్ బాడీ మీటింగ్ ఉంది, అక్కడే మాట్లాడుకుంటాం.

యాంకర్: డీలర్ గారూ, ముగించండి.

డీలర్: పది సెకన్లు చాలవండి. చూడండి, నాకు సైకిల్ అంటే గౌరవం. మా నాన్న సైకిల్ తొక్కే నన్ను చదివించాడు. అందుకే చెబుతున్నా, ఆయన కష్టపడింది నేను మళ్లీ సైకిల్ ఎక్కడానికి కాదు. ఇది ప్రతి మధ్యతరగతివాడి మాట. కారు లగ్జరీ కాదు, అవసరం. అమ్మాలనుకుంటే అమ్మండి, మంచి రేటు ఇస్తాం, ఆర్సీ ట్రాన్స్‌ఫర్ మేమే చేయిస్తాం, కానీ...

(సంగీతం)

యాంకర్: ధన్యవాదాలు సార్...

డీలర్: ...కానీ ఒక్కసారి ఆలోచించండి, సింగిల్ ఓనర్ బండి అయితే...

యాంకర్: రెండు వైపులా విన్నారు. తర్వాతి కార్యక్రమం, బంగారం ధరలు.

డీలర్: ...సర్వీస్ రికార్డ్ ఉంటే ఇంకా...